విహారనౌకయు గృహిణి విశ్రాంతియు

సముద్రయానము చేయవచ్చునా, చేయరాదా యను ప్రశ్న మన పెద్దల కాలమున గొప్ప వివాదము. దానిపై సభలు జరిగినవి, బహిష్కారములు జరిగినవి, ప్రాయశ్చిత్తములు జరిగినవి. చదువునకై సీమకు పోయివచ్చిన యువకుని పంక్తిని కూర్చుండనీయని బంధువులుండిరి. నేడా ప్రశ్న నడుగువారు లేరు. అడిగినను విన్నవారు నవ్వుదురు. ఐనను ఒక వివాదము సమసినంత మాత్రమున దాని వెనుకనున్న ధర్మవిచారము సమసిపోవలసిన పనిలేదు. ఓడ యెక్కినవాని కులము చెడునా యని పూర్వులు విచారించిరి. ఓడ యెక్కిన కుటుంబము అచ్చట దేని ననుభవించుచున్నది, ఆ యనుభవము ఎవరి శ్రమచే సిద్ధించుచున్నది, తిరిగివచ్చిన పిదప ఆ యింట ఏమి మాఱవలెను అని విచారించుట మనవంతు.

మొదట పూర్వుల మాట చూతము. బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో మొదట లెక్కించినది. మనుస్మృతి సముద్రయాయిని శ్రాద్ధమునకు పిలువరాదన్నది. ఆ స్మృతియే మఱియొకచోట సముద్రయానమున నేర్పరులగు వర్తకులు నిర్ణయించిన వడ్డీని ప్రమాణముగా గైకొనుమన్నది. ఒక చేత త్రోసి, ఒక చేత పిలిచినట్లున్నది. గ్రంథములలో నిషేధముండగనే రేవులలో ఓడలు నడచినవి. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు స్తంభముల ఓడ బొమ్మ కలదు. మన కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున సముద్రవర్తకులకు అభయశాసనము వేయించెను. ఆ శాసనముతో మాకు ముందు పనియున్నది గనుక చదువరులు దానిని జ్ఞాపకముంచుకొందురు గాక.

ఈ నిషేధము బాధించినది చదువుకొన్న కొలదిమందిని. కూటికై పోవువారిని అది యాపలేదు. 1860లో మద్రాసునుండి బయలుదేరిన ‘ట్రూరో’ యను ఓడ నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరినప్పుడు దానియందలి ఒప్పందపు కూలీలలో తెలుగువారుండిరి. 1903 మొదలు ఫిజీ దీవులకును మద్రాసునుండి కూలీల ఓడలు పోయెను. కాకినాడ, విశాఖపట్టణముల రేవులనుండి రంగూనునకు పోయి, బియ్యపు మరలలోను, రేవులలోను చెమటోడ్చిన తెలుగువారు లక్షలమంది. కోరంగి రేవు పేరునుబట్టి వారికి అచ్చట కోరంగీలను పేరు వచ్చినది. వారు డెక్కుపై మూటలనడుమ మూటలవలె పడియుండి, ఎండకు వానకు నోర్చి, సముద్రము దాటిరి. వారి జాతి చెడునని యెవరును సభ చేయలేదు. వారికి సముద్రము విహారస్థలము కాదు. పనికి పోవు దారి.

ఆ తీరమునుండియే నేడు సామాన్య గృహస్థులు ఏ పనియు లేక, ఏ పుణ్యమును కోరక, కేవలము విశ్రాంతికై ఓడ యెక్కుచున్నారు. 2022 జూను మాసమున ‘ఎంప్రెస్’ అను విహారనౌక విశాఖ రేవునకు వచ్చి యాత్రికుల నెక్కించుకొన్నది. ఆ నౌక ఫ్రాన్సు దేశమున నిర్మింపబడి 1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’ అను పేర యాత్రలు మొదలిడినది. పొడవు రమారమి 211 మీటర్లు. కార్డీలియా యను సంస్థవారు దానిని 2021 నుండి మన దేశపు రేవులలో నడపిరి. 2023 సెప్టెంబరులో విశాఖయందు విహారనౌకలకై ప్రత్యేకముగ నొక టెర్మినలు ప్రారంభింపబడెను. కోటీశ్వరులకే గాక, నెలజీతమున బ్రదుకు ఉపాధ్యాయునకును, గుమాస్తాకును, ఏండ్లతరబడి కూడబెట్టినచో రెండు మూడు దినముల ఓడప్రయాణము అందుబాటులోనికి వచ్చినది.

మేము నివసించు కాటారము సముద్రమునకు మిక్కిలి దూరమైన యడవిసీమ. ఇచ్చటనుండి గంట ప్రయాణమున కాళేశ్వరము. అచ్చట ప్రాణహిత గోదావరిలో కలియును. ఆ నీరు సముద్రము చేరును గాని, ఆ నీట మునిగినవారిలో సముద్రమును చూచినవారు తక్కువ. ఇల్లు విడిచి కుటుంబమంతయు కదలుట యనగా మాకు కాళేశ్వర స్నానము, లేదా మేడారము జాతర. 2025 మే మాసమున కాళేశ్వరమున పండ్రెండు దినములు సరస్వతీ పుష్కరములు జరిగినవి. అట్టి యాత్రలలో మేమెప్పుడును చూచు దృశ్యమొకటి కలదు. బండి దిగగనే పురుషులు తువ్వాలు భుజముపై వేసికొని నది వైపు పోవుదురు. స్త్రీలు మూడు రాళ్ళు వెదకి పొయ్యి పెట్టుదురు. బియ్యపు మూట, ఉప్పు కారముల డబ్బాలు, గిన్నెలు, గరిటెలు, అన్నియు వారివెంట వచ్చియే యుండును. పురుషుడు యాత్రకు పోవును. స్త్రీ తన వంటయింటిని యాత్రకు మోసికొనిపోవును. దేవుని చూచుటకు పోయిన చోటనైనను ఆమె పని ఆమెను విడువలేదు.

విహారనౌకయందు మూడు రాళ్ళకు చోటులేదు. దాని ధర్మసూక్ష్మమంతయు ఇందే యున్నదని మాకు తోచుచున్నది. మేము మా తల్లితోడను, అర్ధాంగితోడను, పిల్లలతోడను విశాఖనుండి ఆ నౌకపై ప్రయాణము చేసితిమి. నౌకలోని దీపములను, నాట్యశాలను, ఈతకొలనును వర్ణించుట మా యుద్దేశము కాదు. అవి ప్రకటనపత్రములలో చూడవచ్చును. మేము చూచినది వేఱు. మొదటి రాత్రి భోజనమైన పిదప మా తల్లి తన పళ్ళెము చేతబట్టుకొని లేచి, కడుగు చోటెక్కడనని నలుదెసల చూచినది. వడ్డించు యువకుడు వచ్చి పళ్ళెమును మర్యాదగా అందుకొన్నాడు. ఆమె యతనిని, "నువ్వు తిన్నవా బిడ్డా?" అని యడిగినది. అతనికి తెలుగు రాదు. ఐనను ఆ ప్రశ్న యతనికి తెలిసినది. నవ్వి, తన వంతు రాత్రి పదిగంటలకని వ్రేళ్ళు చూపెను. మఱునాడు అలవాటు చొప్పున ఆమె తెల్లవాఱుజామున నాలుగింటికే లేచినది. చేయుటకు పనిలేదు. కొంతసేపు పడకపై కూర్చుండి, పిదప పై డెక్కునకు వచ్చి తూర్పు దెస చూచుచు నిలువబడినది. సూర్యుడు నీటిలోనుండి లేచుట చూచి, "ఇంటికాడ ఈ యాళ్లకు నా మొఖం పొయ్యి దిక్కే ఉంటది" అని యొక్క మాట యన్నది. ఆ మాటలో నిష్ఠురము లేదు. ఆమెకు అది వార్తవంటిది. ఆమె వయస్సు డెబ్బదికి పైబడినది.

ఇట్టి విహారముల గూర్చి రెండు ఆక్షేపణలు వినబడును. మొదటిది, ఇది దుబారా యనుట. అప్పుచేసి విహరింపుమని మేము చెప్పము. కాని పెండ్లి పందిళ్ళకును, విందులకును ఇల్లు తాకట్టుపెట్టువారిని మెచ్చుకొను లోకము, ఇంటి యాడువారిని రెండు దినములు కూర్చుండబెట్టిన వ్యయమును మాత్రము దుబారా యనుట న్యాయము కాదు. విశ్రాంతి భోగము కాదు. నిద్రవలె, నీటివలె, అది శరీరమునకు కావలసిన వస్తువు.

రెండవ యాక్షేపణ బలమైనది. ఒకరి విశ్రాంతి మఱియొకరి శ్రమచేతనే గదా! మా తల్లి పళ్ళెమును కడుగకున్న మఱియొకరి బిడ్డ దానిని కడుగుచున్నాడు. ఆ యువకుడు నెలలతరబడి తన తల్లిని చూడక, నీటిమట్టమునకు సమీపమున చిన్న గదిలో పండుకొని, మనకు పై యంతస్తున గాలి తగులుటకై పనిచేయుచున్నాడు. పూర్వపు ఓడలలో డెక్కు కూలీకిని పై గదుల దొరకును ఉన్న భేదమే నేడు మనకును అతనికిని ఉన్నదని యెవరైన అన్నచో కాదనుట సులభము కాదు. ఆ కూలీల సంతతివారమే నేడు పై గదిలోనికి వచ్చి క్రిందివారిని మఱచితిమన్నచో, ఆ దోషమునకు ఏ ప్రాయశ్చిత్తమును చాలదు.

ఐనను రెండింటికిని ఒక భేదము కలదు, దానిని గుర్తింపవలెను. నావికుల పనిని గూర్చి అంతర్జాతీయ కార్మిక సంస్థవారు 2006లో నొక యొప్పందము చేసిరి. అది 2013 ఆగస్టునుండి అమలులోనికి వచ్చినది. మన దేశము 2015లో దాని నంగీకరించినది. దాని యేర్పాటు ఎట్టిదనగా, నావికునకు ఏ ఇరువదినాలుగు గంటలలో నైనను 10 గంటలకు తక్కువగాని విశ్రాంతియు, ఏ ఏడు దినములలో నైనను 77 గంటలకు తక్కువగాని విశ్రాంతియు నుండవలెను. దినమునకైన ఆ విశ్రాంతిని రెండు భాగములకంటె నెక్కువగ ముక్కలు చేయరాదు. ఆ రెంటిలో నొకటి యెడతెగక 6 గంటలుండవలెను. ఎవరికి ఏ వేళ పని, ఏ వేళ విశ్రాంతియో తెలుపు పట్టికను ఓడలో అందఱకును అందుబాటుగ నుండుచోట అంటింపవలెను. చుక్కాని పట్టువానికే గాక, వంటవానికిని, పడకలు సర్దువానికిని ఇది వర్తించును. ఈ నియమము ప్రతి యోడలోను అక్షరాల నడచుచున్నదని మేము చెప్పజాలము. వ్రాసిన ధర్మమును తప్పువారు సముద్రమునను ఉందురు, నేలపైనను ఉందురు. కాని తప్పినవానిని ఇది తప్పని చూపుటకు వ్రాతయొకటి యున్నది. పళ్ళెమందుకొన్న యువకుడు పది గంటలకు తన వంతని వ్రేళ్ళు చూపగలిగెను. పదియను ఆ సంఖ్య యతనికున్నది.

ఇక మనము అడుగవలసిన ప్రశ్న యిది. మా తల్లికి ఏ సంఖ్య యున్నది?

మా జిల్లాలోని భూపాలపల్లి సింగరేణి గనులలో పనిచేయువానికి షిఫ్టు కలదు. వేళ కాగానే అతడు పైకి వచ్చును. స్నానము చేసి మంచముపై మేను వాల్చును. అతనికి సద్ది కట్టి పంపిన యామెకు షిఫ్టు లేదు. అతడు మూడవ షిఫ్టునకు పోయిన రాత్రి ఆమెయును సగము మేల్కొనియే యుండును. మన ప్రభుత్వ గణాంకశాఖవారు కాలవినియోగమును గూర్చి 2024లో జరపిన పరిశీలనమున, ఆఱేండ్లు మొదలుకొని అన్ని వయస్సులవారిలో జీతములేని యింటిపనులలో పాలుగొన్న స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, పాలుగొన్న పురుషులు 88 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. 2019లో స్త్రీల లెక్క 299 నిమిషములు. ఐదేండ్లలో తగ్గినది పది నిమిషములు! మిక్సీలు వచ్చినవి, గ్యాసు వచ్చినది, కుళాయి నీరు వచ్చినది. ఇన్ని వచ్చియు సగటున ఆమెకు మిగిలినది పది నిమిషములు. పాఠశాలలో మేము బాలురను, "మీ యమ్మ యేమి చేయును?" అని యడిగినప్పుడు, "ఏమియు చేయదు, ఇంట్లోనే ఉంటది" అను ప్రత్యుత్తరము పలుమాఱు వచ్చును. ఆ బాలుడు అబద్ధమాడుటలేదు. లెక్కింపబడని పనిని పనియని యతనికి చెప్పినవారు లేరు.

ఇచ్చట కొందఱు పెద్దమనుష్యులు అభ్యంతరము చెప్పుదురు. తల్లి చేయు పని ప్రేమచే చేయునది; దానికి గంటలు కట్టినచో ఇల్లు హోటలగును, సంసారము కర్మాగారమగును అందురు. ఈ మాట వినుటకు ఇంపుగ నుండును. కాని ప్రేమచే పనిచేయు శరీరము అలయదా? ప్రేమ గల నడుము నొవ్వదా? తల్లి ప్రేమను పొగడుచు ఆమె చేతిలోని చీపురును మాత్రము అందుకొననివాని పొగడ్తకు విలువ యెంత? ప్రేమకు గంటలు లేవనుట నిజమే. ప్రేమ పేర చేయించుకొను పనికి గంటలు లేకుండుట వేఱు విషయము.

మఱికొందఱు మంచివారు, "మా యింట ఆమెను మేమెప్పుడును కష్టపెట్టము, అలసినచో పండుకొమ్మనుచునే యుందుము" అందురు. వీరికి మోటుపల్లి శాసనమును చూపవలెను. అంతకు పూర్వము రేవునకు వచ్చు వర్తకుని బ్రదుకు రాజుగారి చిత్తముపై నుండెడిది. తుపానునకు దారితప్పి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలోని సరకును పూర్వపు రాజులు బలిమిచే గైకొనుచుండిరి. గణపతిదేవుడు అట్లు చేయక, నిర్ణీతమైన సుంకమును మాత్రము గైకొని తక్కినదంతయు వర్తకునకే విడుతునని చాటెను. అతనికి దయ కలిగినది, నిజమే. ఆ దయను మనస్సులోనే యుంచుకొన్నచో అది యతని మనస్సు బాగుగనున్న దినములలో మాత్రమే పనిచేసియుండెడిది. అతడు దానిని రాతిపై చెక్కించెను. ఇంత సుంకము, ఇంతకు మించి లేదు అని. అప్పుడు వర్తకుడు రాజు ముఖము చూడనక్కఱలేదు. రాయిని చూచిన చాలును. అలసినచో పండుకొమ్మని యనుట దయ. ఆమె యడుగకయే, ఎవరి యనుమతి లేకయే, ఈ వేళ నాదియని యెఱుగుట హక్కు. మన యిండ్లలో దయకు కొదువలేదు. రాతిపై చెక్కినది మాత్రము లేదు.

దీనికి పనిమనిషిని పెట్టుకొనుట పరిహారమని కలవారు తలంతురు. అది పనిని తగ్గించుట కాదు. ఒక స్త్రీ వీపునుండి తీసి మఱియొక స్త్రీ వీపుపై పెట్టుట. పెట్టుకొన్నచో, ఆమెకును వేళ, సెలవు, తగిన జీతము నియమించి పెట్టుకొనవలెను. లేనిచో మన యింటి యోడకు క్రింది డెక్కు ఒకటి చాలక రెండవదియు గట్టినవారమగుదుము.

చేయదగినది చిన్న పనులతో మొదలగును. వండినయామె అందఱి పిదప చల్లారిన యన్నము తినుట మానవలెను. వడ్డనలు ముగించి అందఱును ఒకేసారి కూర్చుండవలెను. రాత్రి యొక వేళ నిర్ణయించి, ఆ వేళకు వంటయిల్లు మూయవలెను. ఆ పిదప వచ్చినవాడు అన్నగారైనను, అల్లుడైనను, తన కంచము తాను పెట్టుకొనవలెను. వారమున నొక దినము ఆమె పొయ్యి తాకరాదు. ఆ దినము తండ్రియు కొడుకులును వండవలెను, ఉప్పెక్కువైనచో నవ్వుచు తినవలెను. పసిబిడ్డ గల యింట తల్లికి రాత్రి యెడతెగని ఆఱు గంటల నిద్ర దొరకదు. కాబట్టి ఆ గంటలను పగటియందైన ఎవరు కాచియిత్తురో ముందుగనే నిర్ణయింపవలెను. ఇదియంతయు నొక కాగితముపై వ్రాసి వంటయింటి గోడకు అంటింపవలెను. నవ్వువారు నవ్వుదురు. ఓడలో కళాసీకి, వంటవానికి గోడపై పట్టిక యుండుట సిగ్గు కానప్పుడు, ఇంటిలో తల్లికి ఉండుట సిగ్గెట్లగును? మగపిల్లలకు ఇది బాల్యముననే యలవడవలెను. ఇరువదియేండ్లు కూర్చుండి తిన్నవాడు పెండ్లియైన మఱునాడు లేచి వడ్డింపడు.

కావున విహారనౌకను మేము నిందింపము, పొగడము. శక్తిగలవారు పోవుదురు గాక. పోయినచో తమకు వడ్డించువాని పేరు తెలిసికొని, అతనితో మనుష్యునితో వలె మాటలాడుదురు గాక. కాని డెబ్బదియేండ్ల జీవితమున ఒక స్త్రీ ఉదయమున పనిలేక సూర్యుని చూచుటకు టిక్కెట్టు కొని సముద్రముపైకి పోవలసివచ్చినదన్నచో, అది ఓడకు కీర్తి కావచ్చును గాని యింటికి కీర్తి కాదు. మా కాటారమునను సూర్యుడు ప్రతిదినము లేచుచున్నాడు. చెఱువుగట్టు మా యింటికి దూరము కాదు. ఆ వేళ పొయ్యి యెవరు వెలిగింతురో మేము నిర్ణయించుకొన్న చాలును.